మూలుగ మార్చిన చిట్టెలుకలు, ఊపిరితిత్తుల బీపీ: ప్రాజెక్టు డైరీ

పల్మనరీ హైపర్‌టెన్షన్‌లో (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే జబ్బు) సెరటోనిన్ అనే సంకేత రసాయనం పాత్ర గురించి చదవాలంటే పేపర్లు బోలెడు. వాటిలో ‘మెథడ్స్’ కింద నాలుగు లైన్లలో ముగిసే మూలుగ మార్పిడి మాత్రం ల్యాబులో నెలలు తినేస్తుంది. ఆ నాలుగు లైన్ల వెనక ఏమేం తేడా కొడతాయో ఇక్కడ రాసిపెడుతున్నాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు దీన్ని పక్కన పెట్టుకుని చేసుకోవచ్చు.

నేపథ్యం క్లుప్తంగా. 1960ల్లో అమినోరెక్స్ అనే ఆకలి తగ్గించే మందు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీల్లో అమ్మకానికి వచ్చాక అక్కడ పల్మనరీ హైపర్‌టెన్షన్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమిన్‌దీ అదే దారి. 1997లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అది శరీరంలోకి వెళ్లాక ఏర్పడే నార్‌ఫెన్‌ఫ్లురమిన్, సెరటోనిన్ రిసెప్టర్లలో (సెరటోనిన్‌ను అందుకునే, కణాల మీది ప్రొటీన్లు) 5-హెచ్‌టీ2బీ అనేదాన్ని గట్టిగా ప్రేరేపిస్తుంది. ఆ రిసెప్టర్ జీన్ తీసేసిన చిట్టెలుకలను తక్కువ ఆక్సిజన్‌లో ఉంచినా జబ్బు రాలేదని ఫ్రాన్స్ పరిశోధకులు 2002లో చూపించారు. 2012లో మూలుగ మార్చి చూశారు. రిసెప్టర్ లేని మూలుగ ఎక్కించిన మామూలు ఎలుకలకు జబ్బు రాలేదు. మామూలు మూలుగ ఎక్కించిన రిసెప్టర్ లేని ఎలుకలకు వచ్చింది.

అంటే రక్తనాళం గోడలో ఉన్న రిసెప్టర్ కాదు, మూలుగ నుంచి వచ్చే కణాల మీదున్న రిసెప్టరే అసలు సంగతి అన్నమాట. మేం ఆ మార్పిడిని మళ్లీ చేసి, మూలుగలో ఏ కణం ఈ పని చేస్తోందన్న ప్రశ్న దాకా వెళ్లాలి. ఈ డైరీ మొదటి సగానిది.

దశ 1: గ్రూపులు

కాగితం మీద నాలుగు మార్పిడులు: మామూలు మూలుగ మామూలు ఎలుకకు, రిసెప్టర్ లేనిది లేనిదానికి, లేనిది మామూలుదానికి, మామూలుది లేనిదానికి. ఒక్కోదానిలో సగం మామూలు గాలిలో, సగం 10 శాతం ఆక్సిజన్‌లో. మొత్తం ఎనిమిది గ్రూపులు. కొత్త మూలుగ ఎక్కించే ముందు పాతదాన్ని రేడియేషన్‌తో చంపాలి కాబట్టి, వీటికి తోడు రేడియేషన్ తగలని మామూలు ఎలుకలు రెండు గ్రూపులు. గ్రూపుకి 8 చొప్పున 80.

‘దేన్ని తీసి దాన్నే ఎక్కిస్తే ఏం తెలుస్తుంది, ఎలుకలు దండగ కదా’ అని జంతు నైతిక కమిటీ అడిగింది. నిజానికి ప్రాజెక్టు ప్రాణం అక్కడే ఉంది. రేడియేషన్ ఒక్కటే ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీయగలదు. రేడియేషన్ పడి తన జాతి మూలుగే ఎక్కించుకున్న ఎలుకతోనే మిగతావాటిని పోల్చాలి. ఏమీ చేయని ఎలుకతో పోలిస్తే ఆ తేడా రిసెప్టర్‌దా రేడియేషన్‌దా అన్నది ఎప్పటికీ తేలదు. ఈ జవాబు రాసిచ్చాక అనుమతి వచ్చింది.

కొత్తవాళ్లు ముందే చూసుకోవాల్సినవి రెండు.

ఒకటి, జాతి నేపథ్యం. కొన్ని ల్యాబుల్లో ఈ జీన్ తీసేసిన లైన్ 129 జాతి మీద ఉంటుంది. దాన్ని సీ57బీఎల్/6 (ల్యాబుల్లో ఎక్కువగా వాడే జాతి) మీదకు సరిపడినన్ని తరాలు మార్చకుండా మార్పిడి చేస్తే, ఎక్కించిన మూలుగను ఒంట్లోని రోగనిరోధక కణాలు తిప్పికొట్టవచ్చు. ఆడ ఎలుకలకు మగ ఎలుకల మూలుగ ఎక్కించినా వై క్రోమోజోమ్ ప్రొటీన్ల వల్ల ఇదే తంటా. మేం అన్నీ మగవే తీసుకున్నాం.

రెండోది, గుర్తు పట్టడం. దాత (మూలుగ ఇచ్చిన ఎలుక) కణాలను సీడీ45.1, సీడీ45.2 (తెల్లకణాల మీదుండే ఒకే ప్రొటీన్‌లో రెండు రకాలు) తేడాతో గుర్తుపడతారు. రిసెప్టర్ లేని ఎలుకలు సీడీ45.2 కాబట్టి మామూలు ఎలుకల్లో కొన్నిటిని సీడీ45.1గా తీసుకుంటే మూడు మార్పిడులకు సరిపోతుంది. లేనిది లేనిదానికి ఎక్కించినప్పుడు మాత్రం దాతా గ్రహీతా రెండూ సీడీ45.2 కనుక ఫ్లో సైటోమెట్రీ (కణాలను వాటి మీది గుర్తులను బట్టి లెక్కపెట్టే పరీక్ష) ఏమీ చెప్పలేదు. దానికి ఒకటే దారి: అదే రోజు అదే మోతాదు రేడియేషన్ ఇచ్చి మూలుగ ఎక్కించని కాపలా ఎలుకలు. అవి చనిపోయి ఇవి బతికితే మూలుగ పట్టినట్టే.

లెక్క: అనుమతి వచ్చిన ఎలుకలు 140.

దశ 2: రేడియేషన్, మూలుగ ఎక్కించడం

ముందు పైలట్ బ్యాచ్: గ్రహీతలు 20, దాతలు 5. మోతాదు 9.5 గ్రే (రేడియేషన్ కొలమానం), ఒకే విడతలో. ఆరు చనిపోయాయి. ఎప్పుడు చనిపోయాయన్నదాన్ని బట్టి కారణం దాదాపు తెలిసిపోతుంది కాబట్టి విడివిడిగా రాస్తున్నాను.

సూది ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే రెండు. ఊపిరితిత్తులు కోసి చూస్తే నాళాల్లో కణాల ముద్దలు. తోక సిరలోకి ఎక్కించిన ఏ కణమైనా గుండె దాటగానే మొదట చేరేది ఊపిరితిత్తుల సన్న నాళాలకే. చనిపోయిన రెండిటి సంగతి సరే, బతికిన వాటిలో కూడా చిన్న ముద్దలు చిక్కుకుని ఉంటే? ఊపిరితిత్తుల బీపీ కొలిచే ప్రాజెక్టులో మన చేతులతోనే నాళాలు మూసినట్టవుతుంది. వేరే ఏ జబ్బు మీద పనిచేసే ల్యాబుకైనా ఇది చిన్న ఇబ్బంది, మాకు మాత్రం ఫలితాన్నే చెడగొట్టే విషయం.

ఆరో రోజున ఒకటి. అది పేగు దెబ్బ. రెండో వారంలో మూడు. ఆ సమయానికి పోయాయంటే మూలుగ పట్టకపోవడమో, తెల్లకణాలు లేక ఇన్ఫెక్షన్ సోకడమో.

మార్చినవి, వాటి కారణాలు:

1. 9.5 గ్రేను రెండు విడతలుగా, 4.75 చొప్పున, మధ్యలో నాలుగు గంటల ఎడంతో ఇచ్చాం. పేగు కణాలకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది.
2. వారం ముందు నుంచే ఆమ్లం కలిపి పీహెచ్ 2.5–3కి తెచ్చిన నీళ్లు, రేడియేషన్ తర్వాత రెండు వారాలు యాంటీబయాటిక్. పంజరాలు, మేత అన్నీ ఆటోక్లేవ్ చేసినవే.
3. సిరంజితో ఎముకలోంచి మూలుగ కడగడం ఆపేశాం. ఎముక ఒక కొస కత్తిరించి, అడుగున 18 గేజ్ సూదితో బెజ్జం పెట్టిన 0.5 ఎంఎల్ ట్యూబులో నిలబెట్టి, దాన్ని 1.5 ఎంఎల్ ట్యూబులో దించి 10,000 జీ (భూమ్యాకర్షణకు 10,000 రెట్లు) దగ్గర 15 సెకన్లు తిప్పితే మూలుగ మొత్తం కిందికి దిగుతుంది. ఎముక తెల్లగా మిగులుతుంది.
4. ఎర్రకణాలు పగలగొట్టే ద్రావణంలో నిమిషానికి మించి ఉంచలేదు. ఎక్కువసేపు ఉంచితే చచ్చిన కణాల డీఎన్‌ఏ బయటికొచ్చి జిగురులా అంటుకుంటుంది. ముద్దలకు మూలం అదే. ఆ తర్వాత ఆ డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏస్ కలిపాం.
5. వడకట్టడం రెండుసార్లు: 70 మైక్రాన్లు, ఆ తర్వాత 40. ఎక్కించే ముందు ప్రతి ట్యూబు నుంచీ ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూడాలి. ముద్ద కనిపిస్తే మళ్లీ 40.
6. ఎలుకకు 50 లక్షల బతికున్న కణాలు, 200 మైక్రోలీటర్లలో, నెమ్మదిగా.

సిరంజి పద్ధతిలో రెండు తొడ ఎముకలు, రెండు పిక్క ఎముకల నుంచి 2.5 కోట్ల కణాలు కూడా దాటేవి కావు. తిప్పే పద్ధతిలో దాతకు సగటున 4 కోట్ల దగ్గర వచ్చాయి. 64 మంది గ్రహీతలకు 32 కోట్లు కావాలి, అంటే ఎనిమిది దాతలు చాలు. కారిపోయేవి, చచ్చేవి ఉంటాయని పది తీసుకున్నాం.

ప్రధాన బ్యాచ్‌లో మూడు చనిపోయాయి. కాపలా ఎలుకలను మాత్రం చనిపోయేదాకా వదల్లేదు. బరువు 20 శాతం తగ్గిన రోజునే మత్తిచ్చి ముగించాం. ఆ గీత ముందే రాసిపెట్టుకోవడం మంచిది, రెండో వారంలో పంజరం ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదు.

లెక్క: పైలట్ 25. ప్రధాన బ్యాచ్ 80 + దాతలు 10 + కాపలా 4 = 94. వాడినవి 119, మిగిలినవి 21. పనికొచ్చేవి 77.

దశ 3: మూలుగ పట్టిందా?

ఎనిమిది వారాలు ఆగాం. నాలుగు వారాలకే రక్తం చూస్తే తెల్లకణాల సంఖ్య బాగానే కనిపిస్తుంది కానీ, పాత టీ కణాలు రేడియేషన్‌ను తట్టుకుని ఇంకా తిరుగుతుంటాయి. అందుకే మొత్తం శాతం ఒక్కటే చూడకుండా బీ కణాలు, టీ కణాలు, మైలాయిడ్ కణాలు విడివిడిగా చూడాలి. మైలాయిడ్, బీ కణాల్లో 90 శాతం దాతవి కానివాటిని తీసేయాలని ముందే అనుకున్నాం. అలా రెండు పోయాయి.

రక్తంలో 90 శాతం అంటే ఊపిరితిత్తిలోనూ 90 అనుకోకూడదు. గాలి గదుల్లో ఉండే మాక్రోఫేజులు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) మూలుగ మీద పెద్దగా ఆధారపడకుండా అక్కడికక్కడే చాలాకాలం బతికే రకం, రేడియేషన్ తర్వాత కూడా నిదానంగానే మారతాయి. పైలట్‌లో మిగిలిన ఎలుకల ఊపిరితిత్తులు కడిగి చూస్తే, రక్తంలో దాత వాటా పూర్తిగా ఉన్నా గాలి గదుల్లో పాత కణాలు గణనీయంగా కనిపించాయి. కాబట్టి ఈ ప్రయోగం చెప్పేది ‘మూలుగ నుంచి కొత్తగా వచ్చే కణాల’ గురించే. ఊపిరితిత్తిలోని రోగనిరోధక కణాలన్నిటి గురించీ కాదు.

ప్లేట్‌లెట్లు దాతవే అవుతాయన్నది గుర్తుంచుకోండి. సెరటోనిన్ లెక్కలో ఇదే మెలిక పెడుతుంది.

లెక్క: పనికొచ్చేవి 75.

దశ 4: హైపాక్సియా (తక్కువ ఆక్సిజన్) పెట్టె

10 శాతం ఆక్సిజన్, మూడు వారాలు. పెట్టెలోకి నైట్రోజన్ వదిలే వాల్వు, దాన్ని నడిపే ఆక్సిజన్ సెన్సర్, కార్బన్ డయాక్సైడ్ పీల్చే సోడా లైమ్, తేమకు సిలికా జెల్. చూడ్డానికి ఇంతే.

సెన్సర్ పైకప్పుకి బిగించి ఉంది. అక్కడ 10.1. చేతిలో పట్టుకునే మీటరు అడుగున ఉన్న పంజరం మూలలో పెడితే 11.4. ఎలుక ముక్కు ఉండేది అడుగునే. చిన్న ఫ్యాను పెట్టి, సెన్సర్‌ను పంజరాల ఎత్తుకి దించాక తేడా 0.2 లోపలికి వచ్చింది. సెన్సర్‌ను రోజూ బయటి గాలిలో 20.9 చూపిస్తోందో లేదో చూసుకోవాలి. ఈ రకం సెన్సర్లు పాతబడేకొద్దీ రీడింగ్ జారిపోతుంది.

తర్వాతి దెబ్బ సిలిండర్‌ది. ఒక రాత్రి నైట్రోజన్ అయిపోయింది. తెల్లారేసరికి పెట్టెలో 16 శాతం. ఎంతసేపు అలా ఉందో చెప్పే రికార్డు ఆ పెట్టెకు లేదు. అందులో ఉన్న ఆరింటినీ లెక్కలోంచి తీసేసి, రిజర్వు నుంచి ఆరు గ్రహీతలు, రెండు దాతలతో రేడియేషన్ దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాం. ఇప్పుడు రెండు సిలిండర్లు, ఒకటి ఖాళీ అయితే రెండోదానికి తనంతట తాను మారే రెగ్యులేటర్, నిమిషానికోసారి రీడింగ్ రాసుకునే లాగర్ ఉన్నాయి. లాగర్ లేని పెట్టెలో ఎలుకలు పెట్టకండి.

చిన్నవి కొన్ని:

1. కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు.
2. పంజరాలు మార్చడానికి పెట్టె తెరవడం వారానికి రెండుసార్లకు మించొద్దు. అమ్మోనియా వాసన వస్తే పంజరానికి ఎలుకలు తగ్గించండి, తలుపు తెరవడం పెంచొద్దు.
3. మొదటి రోజుల్లో ఎలుకలు మేత తగ్గించి బరువు తగ్గుతాయి. మామూలు గాలి గ్రూపునూ అదే గదిలో, అదే రకం పెట్టెలో, ఫ్యాను చప్పుడుతో సహా ఉంచాలి.
4. సముద్రమట్టంలో 10 శాతం ఆక్సిజన్ అంటే దాదాపు 76 మిల్లీమీటర్ల మెర్క్యురీ. ల్యాబు ఎత్తైన చోట ఉంటే అదే 10 శాతానికి ఇంకా తక్కువ అందుతుంది. రిపోర్టులో గాలి పీడనం కూడా రాయండి.

లెక్క: వాడినవి 127, మిగిలినవి 13. కొత్త ఆరూ పరీక్ష దాటాయి, పనికొచ్చేవి 75.

దశ 5: సెరటోనిన్ కొలత

ఈ ప్రాజెక్టులో ఎక్కువ తలనొప్పి ఇదే.

శరీరంలోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది పేగులో. అక్కడి నుంచి రక్తంలోకి రాగానే ప్లేట్‌లెట్లు దాన్ని లోపలికి లాగేసుకుని దాచుకుంటాయి. రిసెప్టర్లకు తగిలేది మాత్రం ప్లాస్మాలో విడిగా తిరిగే కొద్దిపాటి భాగం. కొలవాల్సింది ఈ కొద్దిపాటిదాన్ని, కానీ దాని పక్కనే ఎన్నో రెట్లు సరుకు నింపుకున్న ప్లేట్‌లెట్లు ఉన్నాయి. రక్తం తీసేటప్పుడు వాటిలో వందకు ఒకటి చిట్లినా రీడింగ్ రెట్టింపు కావచ్చు.

మొదట్లో వచ్చిన అంకెలు అలాంటివే. ఒకే పంజరంలోని, ఒకే జాతి ఎలుకల మధ్య పది రెట్ల తేడా. గ్రూపుల తేడా కంటే సూది తేడా ఎక్కువగా కనిపించింది. ప్రెషర్ కొలిచే క్యాథెటర్ (సిరలోంచి గుండెలోకి దూర్చే సన్న గొట్టం) ప్రాక్టీసుకి వాడిన 14 పైలట్ ఎలుకల నుంచి చివర్లో తీసిన రక్తం మరీ ఘోరం. సిరలో క్యాథెటర్ కదులుతుంటే ప్లేట్‌లెట్లు ఊరుకుంటాయా?

అందుకని రిజర్వు నుంచి 8 ఎలుకలను ఈ పద్ధతి కుదుర్చుకోవడానికే పెట్టాం. నిలబడిన పద్ధతి:

1. కన్ను, చెంప, తోక దగ్గర రక్తం తీయొద్దు. మత్తులో పొట్ట తెరిచి కింది పెద్ద సిర నుంచి 23 గేజ్ సూదితో, లాగీ లాగనట్టు తీయాలి.
2. మొదటి 100 మైక్రోలీటర్లు వేరే ట్యూబులోకి. కోసినచోట కలిసే కణజాల రసాలు అందులో పోతాయి.
3. సిరంజిలో ముందే సిట్రేట్. ట్యూబును ఊపొద్దు, రెండుమూడుసార్లు మెల్లగా తిప్పితే చాలు.
4. రెండుసార్లు సెంట్రిఫ్యూజ్. మొదటిది నెమ్మదిగా, రెండోది 10,000 జీ. రెండోసారి అడుగు నుంచి మూడో వంతు వదిలేయాలి.
5. మిగిలిన ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టాలి. కౌంటరులో సున్నాకు దగ్గరగా రావాలి.
6. గులాబీ రంగు కనిపిస్తే ఆ శాంపిల్ పారేయాలి.
7. అదే ప్లాస్మాలో ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 కొలవాలి. ప్లేట్‌లెట్ చిట్లితే సెరటోనిన్‌తో పాటు ఇదీ బయటికొస్తుంది. ఇది ఎక్కువగా ఉంటే సెరటోనిన్ అంకెకు విలువ లేదు.
8. హెచ్‌పీఎల్‌సీకి (సెరటోనిన్‌ను వేరుచేసి కొలిచే పద్ధతి) పంపే ట్యూబులో ఆస్కార్బిక్ ఆమ్లం. వెలుతురు తగలకుండా గోధుమరంగు ట్యూబు.

ఎనిమిదిలో ఐదు శాంపిళ్లు అన్నీ దాటాయి. అంకెలు దగ్గరదగ్గరగా వచ్చాయి, మొదట్లో వచ్చినవాటి కంటే చాలా తక్కువ.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ప్రెషర్ కొలిచిన ఎలుక ప్లాస్మా నమ్మదగ్గది కాదు. విడిగా ప్లాస్మా కోసమే ఎలుకలు పెట్టాలంటే అనుమతి చాలదు, గ్రూపులు చీల్చితే ప్రెషర్ లెక్క బలహీనమవుతుంది. ప్రధాన గ్రూపుల్లో ఫ్రీ ప్లాస్మా సెరటోనిన్ ఈసారికి వదిలేశాం. దాని బదులు మొత్తం రక్తంలోని సెరటోనిన్ కొలిచి, ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించి రాస్తున్నాం. అలా భాగించకపోతే, మూలుగ సరిగ్గా కోలుకోక ప్లేట్‌లెట్లు తగ్గిన ఎలుకలో సెరటోనిన్ తగ్గిందని పొరబడతాం. ఈ అంకె రిసెప్టర్ దగ్గర ఎంత ఉందో చెప్పదు. ఆ మాట పట్టిక కిందే రాస్తాం.

సెరటోనిన్ మొత్తం ఎంతుంది అన్నదానికి నేను మునుపటంత విలువ ఇవ్వడం లేదు. దాని తయారీనే తగ్గించే రోడాట్రిస్టాట్ ఇథైల్ అనే మందును పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ రోగుల్లో పరీక్షించారు. సెరటోనిన్ తయారీ తగ్గింది, ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం మాత్రం డమ్మీ మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే ఇంకా చెడింది. చిట్టెలుకల్లో బాగా పనిచేసిన ఆలోచన అది. ఏ కణం మీది రిసెప్టర్ దాన్ని అందుకుంటోంది అన్న ప్రశ్నే నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది.

లెక్క: వాడినవి 135, మిగిలినవి 5.

దశ 6: ప్రెషర్, గుండె బరువు, హెమటోక్రిట్

మెడ కుడివైపు జుగులర్ సిర నుంచి గుండె కుడి జఠరికలోకి 1.4 ఫ్రెంచ్ ప్రెషర్ క్యాథెటర్. ఛాతీ తెరవం. మామూలు చిట్టెలుకలో కుడి జఠరిక సిస్టాలిక్ పీడనం 20–25 మిల్లీమీటర్ల దగ్గర, మూడు వారాల హైపాక్సియా తర్వాత 35 అటూఇటూ ఉండాలి. పద్ధతి సరిగా ఉందో లేదో ఈ హద్దులతో చూసుకోవచ్చు.

ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మత్తు. ఐసోఫ్లురేన్ కాస్త ఎక్కువైతే గుండె నెమ్మదించి పీడనం పడిపోతుంది. జబ్బు లేనట్టు కనిపిస్తుంది. 1.5 శాతం దగ్గర స్థిరపరిచి, హీటింగ్ ప్యాడ్‌తో శరీర ఉష్ణోగ్రత 37 దగ్గర నిలిపి, గుండె నిమిషానికి 400 కంటే తక్కువ కొట్టిన రికార్డింగులను తీసేశాం. తీసేసేవారికి అది ఏ గ్రూపు ఎలుకో తెలియదు.

పెట్టెలోంచి తీసిన ఎలుక మామూలు గాలి పీల్చగానే, ఆక్సిజన్ కొరత వల్ల బిగుసుకున్న నాళాలు వదులవుతాయి. ఆ తర్వాతా మిగిలే పీడనం నాళాల గోడ మందమెక్కడం వల్ల. మాకు కావలసింది అదే. పెట్టె నుంచి తీసి కొలవడానికి మధ్య ప్రతి ఎలుకకూ ఒకే వ్యవధి, 30 నిమిషాలు పెట్టాం.

గుండె బరువు సులువనుకుంటారు. ఊపిరితిత్తుల్లో పీడనం పెరిగితే కుడి జఠరిక బరువెక్కుతుంది. కుడి జఠరిక గోడ బరువును ఎడమ జఠరిక, మధ్య గోడల మొత్తం బరువుతో భాగించాలి. ఇద్దరం విడివిడిగా కోస్తే నిష్పత్తిలో 0.04 తేడా వచ్చింది. మామూలు ఎలుకకూ హైపాక్సియా ఎలుకకూ మధ్య ఉండే తేడాయే 0.1 చుట్టుపక్కల. మధ్య గోడకు అతుక్కున్న కుడి అంచును ఒకరు వదిలేస్తే ఒకరు గీరి తీస్తున్నాం. చివరికి అన్ని గుండెలూ ఒకరే కోసేట్టు, కర్ణికలు, కవాటాలు తీసేశాక ఫిల్టర్ పేపరు మీద రెండు వైపులా అద్దాకే తూచేట్టు ఖాయం చేశాం.

ఇక హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. తక్కువ ఆక్సిజన్‌లో ఎర్రకణాలు పెరుగుతాయి. 45 శాతం దగ్గరుండే హెమటోక్రిట్ 60 దాటవచ్చు. రక్తం చిక్కబడితే నాళాల్లో ఏ మార్పూ లేకపోయినా పీడనం పెరుగుతుంది. ఎర్రకణాలను తయారుచేసేది మేం మార్చిన మూలుగే! రిసెప్టర్ లేని మూలుగ హైపాక్సియాకు ఎర్రకణాలను కాస్త తక్కువగా తయారుచేసిందనుకోండి, ఆ ఎలుకలో పీడనం తక్కువగా వస్తుంది, మనం దాన్ని రక్షణ అని రాసుకుంటాం. అందుకే ప్రతి ఎలుకకూ హెమటోక్రిట్ తీశాం. పీడనం తేడా హెమటోక్రిట్ తేడాతో ఎంతవరకు పోతుందో చూసే లెక్క పద్ధతిని, ఏ ఎలుక ఏ గ్రూపుదో చెప్పే కోడ్ విప్పకముందే రాసి, తేదీ వేసి దాచాం. చదివిన కొన్ని పేపర్లలో ఈ అంకె పట్టికలో కనిపించకపోవడం నాకు కొంచెం చిరాకు.

లెక్క: 75లో ప్రెషర్ రికార్డింగులు నిలిచినవి 66. పోయినవి 9: గుండె వేగం తక్కువ 4, క్యాథెటర్ కొసకు రక్తం గడ్డకట్టి అల చదునైనవి 3, సిర చిరిగి రక్తం పోయినవి 2. గుండె బరువులు 75.

దశ 7: స్లైడులు, నడుస్తోంది

ఎడమ ఊపిరితిత్తిని ఫార్మలిన్‌తో 25 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర ఉబ్బించి గట్టిపరుస్తున్నాం. ఉబ్బించకుండా కోస్తే ముడుచుకున్న నాళం గోడ మందంగా కనిపిస్తుంది. కుడి ఊపిరితిత్తి గడ్డకట్టించి ఆర్‌ఎన్‌ఏకి.

1. కండర పొర కోసం ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్, లోపలి పొర కోసం వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్, ఒకే స్లైడు మీద.
2. 100 మైక్రాన్ల లోపు వ్యాసమున్న నాళాలే. ఒక్కోటీ కండర పొర లేనిది, సగం చుట్టినది, పూర్తిగా చుట్టినది అని మూడు రకాలు.
3. నాళాల చుట్టూ చేరిన దాత కణాలకు, దాత రకాన్ని బట్టి సీడీ45.1 లేదా సీడీ45.2 రంగు. రిసెప్టర్ లేనిది లేనిదానికి ఎక్కించిన గ్రూపులో ఇది పనిచేయదు, అక్కడ ఖాళీ.
4. లెక్కపెట్టేది ఇద్దరు. ఇద్దరి మధ్య తేడా పది శాతం దాటిన స్లైడు మూడో మనిషికి.

మొదటి రంగులు వేసినప్పుడు యాక్టిన్ యాంటీబాడీ స్లైడంతా మరకలు పట్టింది. అది చిట్టెలుకలో తయారైన యాంటీబాడీ కావడంతో రెండో యాంటీబాడీ కణజాలంలోని సొంత యాంటీబాడీలకు కూడా అతుక్కుంటోంది. నేరుగా రంగు జతచేసిన యాంటీబాడీకి మారాం, నేపథ్యం శుభ్రపడింది. 75లో 31 ఊపిరితిత్తుల స్లైడులు అయ్యాయి. మిగతా 44 పూర్తయి, ఇద్దరి లెక్కలూ ఫైల్లోకి ఎక్కాకే గ్రూపుల కోడ్ విప్పుతాం.